టామరిస్క్ బంగళా పెరటి గుమ్మం

నవంబరు 3, సోమవారం

పొద్దున 148/92. సాయంత్రం చూసుకోలేదు, తీరిక ఎక్కడిది.

ఈ పుస్తకం ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చింది. రెండు పూటలా రక్తపోటు అంకెలు వేసుకోమంది. అంకెల పక్కన బోలెడు ఖాళీ వదిలారు. కాగితం వృథా చేయడం మా అమ్మ నాకు నేర్పలేదు కాబట్టి ఆ ఖాళీలో రాసుకుంటున్నాను.

రాసుకోవలసిన సంగతి ఇదీ. నా కూతురు రోనెల్ టామరిస్క్ బంగళాలో గైడు. పదకొండేళ్ళు హోటలు లాండ్రీలో పరాయివాళ్ళ దుప్పట్లు మడతపెట్టిన పిల్ల ఇప్పుడు గుండె మీద పేరుబిళ్ళ పెట్టుకుని, ఓడల్లో సెలవులకి వచ్చిన దొరలకీ దొరసానులకీ గదిగదీ తిప్పి చూపిస్తూ మూడు వందల ఏళ్ళ సంగతులు చెబుతోంది. ఆ బంగళాలో మా అమ్మ అంట్లు తోమింది. ఆ బంగళా చెరుకుని నేను నలభై ఏళ్ళు ట్రాక్టరు మీద మిల్లుకి తోలాను. ఇప్పుడు అదే ఇంట్లో నా కూతురు మాట్లాడుతుంటే దొరలు నోరు మూసుకుని వింటున్నారు. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను. ఇంకోసారి రాస్తాను. నా కూతురు మాట్లాడుతుంటే దొరలు నోరు మూసుకుని వింటున్నారు.

మూడు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. ఈ నెలాఖరుకి ఉంచుకుంటారో పంపేస్తారో తేలుతుంది. ఉంచుకోక ఏం చేస్తారు.

నా భార్య ఎర్మిన్ అంటుంది, "నీ రక్తపోటు ఉప్పు వల్ల కాదయ్యా, ఆ పిల్ల వల్ల. నర్సు దగ్గరికి ఈసారి పిల్లని తీసుకెళ్ళు, దాన్ని మానిపిస్తుంది."

నవంబరు 4

ఇవాళ అటు వెళ్ళే పని లేదు. పిల్ల ఉద్యోగం పిల్లది. మధ్యలో నేనెవర్ని.

నవంబరు 5

వెళ్ళాను.

గాలి కోసం వెళ్ళాను. బంగళా గుట్ట మీద ఉంటుంది, గాలి బాగా వస్తుంది. పూల చొక్కా వేసుకున్నాను, గడ్డిటోపీ పెట్టుకున్నాను, మెడలో కెమెరా. కెమెరా పనిచేయదు. పనిచేయాలని ఎవరన్నారు.

పెరటి వైపు నించి, వంటింట్లోంచి వెళ్ళాను. నా మోకాలి సంగతి తెలిసిందే. ముందు వైపు పదకొండు మెట్లు. వెనక వైపు పధ్నాలుగు, కానీ వాటికి నీడ ఉంటుంది. టీ కాచే వంటావిడ మా చర్చిలో పాడే మనిషే, నా వేషం చూసి మూతి తిప్పుకుని తలుపు తీసింది. వంటిల్లు దాటి, సామాన్ల గది దాటి భోజనాల గదిలోకి వెళ్ళేసరికి రోనెల్ గుంపుతో వచ్చి నిలబడింది. ఎండకి ఎర్రబడ్డ దొర దొరసాని జంటలు, ఒకాయన ముక్కు మీద తెల్లటి మలాము. నేను ఆయన వెనక నిలబడ్డాను.

నన్ను చూసి పిల్ల ఒక్క క్షణం ఆగింది. అంతే. మళ్ళీ అందుకుంది. ఏం గొంతు. ఏం వాక్కు. బల్ల గురించి చెబుతుంటే బల్లకే సిగ్గేసి ఉంటుంది.

ఒక్క మాట కూడా అనకూడదనుకున్నాను. ఒక్కటే అడిగాను. "అమ్మా, ఈ బల్ల ఏ కొయ్యతో చేశారు?"

"మహాగని సార్," అంది, పళ్ళ మధ్యనించి.

"అబ్బో. ఎంత తెలివైన అమ్మాయి," అన్నాను పక్కనున్న దొరసానితో. ఆవిడ నవ్వి, మీరే దీవి నించి వచ్చారు అని అడిగింది. ట్రినిడాడ్ అన్నాను. నోటికి ముందు అదే వచ్చింది. తరవాత గడియారం గురించి అడిగాను. దీపాల గురించి అడిగాను. తలుపు గడియ గురించి అడిగాను. అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నాన్నా, నువ్వు పుట్టింది ఆ బంగళాకి అర మైలు దూరంలో," అంది.

"గాలికోసం వచ్చానే."

"గాలికి కెమెరా ఎందుకు?"

కెమెరా తీసి మంచం కింద పెట్టాను.

నవంబరు 7

ఇవాళ గయానా నుంచి వచ్చాను. టోపీ మార్చాను.

నవంబరు 10, సోమవారం

152/94. మిషను పాతది.

భోజనాల గది పక్క నడవలో ఒక బల్ల మీద పెద్ద పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్ళు అందులో నాలుగు మాటలు రాసి వెళతారు. తెరిచి చూశాను. 'బాగుంది', 'వేడిగా ఉంది', 'టీ బాగుంది'. గైడు గురించి ఒక్కడికీ రాసే తీరిక లేదు. మనుషులకి కృతజ్ఞత లేదు.

నేను ఒక్క వాక్యం రాశాను. సరే, కొన్ని. ట్రినిడాడ్ పేరు మీద కొంచెం, గయానా పేరు మీద కొంచెం. గ్రెనడా నుంచి వచ్చిన ఒక వితంతువు పేరు మీద ఒక పేజీ. పాపం ఆవిడకి భర్త పోయాక తొలి నవ్వు రోనెల్ మాటలకే వచ్చిందట. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

నవంబరు 13

ఎర్మిన్ ఇవాళ కాంకీలు చేసింది. నవంబరు వచ్చిందంటే మా దీవిలో ఇంటింటా మొక్కజొన్న పిండి, గుమ్మడి తురుము, కొబ్బరి కలిపి అరిటాకులో పొట్లం కట్టి ఆవిరి పెట్టాల్సిందే. నేను ఏడు తిన్నాను.

రాయవలసింది ఇది కాదు.

బంగళా మేనేజరు ట్రాట్‌మన్ మా ఇంటికి వచ్చాడు. ఈయన ఎప్పుడూ చంకలో ఫైలుతో ఉంటాడు, నిద్రలో కూడా ఉంటుందని నా స్నేహితుడు హార్ట్‌లీ అంటాడు. వచ్చి కుర్చీ అంచున కూర్చుని ఆ పెద్ద పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.

"గిటెన్స్ గారూ, ఇది చదవండి. ట్రినిడాడ్ ఆయన, గయానా ఆయన, గ్రెనడా ఆవిడ. ముగ్గురిదీ ఆకుపచ్చ సిరా."

"ఆ దేశాల్లో ఆ సిరా చౌకేమో సార్."

"ముగ్గురూ ఒకే మాట రాశారు. 'మా అమ్మాయి ఎంత బాగా చెప్పిందో.' గైడు అని ఎవరూ రాయలేదు. మా అమ్మాయి అని రాశారు. గ్రెనడా వితంతువు అయితే 'చిన్నప్పుడు దీనికి నత్తి ఉండేది, చూడండి ఇప్పుడు' అని కూడా రాసింది."

ఎర్మిన్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడినించి ఏదో చప్పుడు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ట్రాట్‌మన్ మాత్రం నవ్వలేదు. ఇవన్నీ రోనెల్ రాయించిందని బంగళాని నడిపే ట్రస్టు పెద్దలు అనుకుంటున్నారట. ఇంగ్లండులో ఈ పని చదువుకొచ్చిన అమ్మాయి ఒకతి ఈ ఉద్యోగం కోసం ఎదురు చూస్తోందట. రోనెల్ పక్కనే నిలబడి ఉంది. దాని మొహం చూడలేకపోయాను. నేల చూశాను. నేల శుభ్రంగానే ఉంది.

అప్పుడు రోనెల్ అంది, "సార్, ఊరివాళ్ళ కోసం ఒక రోజు పెడదామని సెప్టెంబరు నించీ అడుగుతున్నాను. ఊళ్ళో పనికి తప్ప ఎవరూ ఆ ఇంట్లో కాలు పెట్టలేదు. అది చేయనివ్వండి. అది చూసి తేల్చండి."

ట్రాట్‌మన్ ఫైలు తెరిచి మూసి, "మీ ఊరివాళ్ళు రారమ్మా. వాళ్ళకి ఆ బంగళా పట్టదు. సరే, ఇరవై తొమ్మిది శనివారం. ట్రస్టు పెద్దల్నీ పిలుస్తాను. మధ్యాహ్నం పన్నెండులోపల నలభై మంది ముందు గుమ్మం దాటితే ఉద్యోగం నీది. లేకపోతే ఆ అమ్మాయిని రమ్మంటాను," అన్నాడు.

తరవాత నా వైపు తిరిగి, "మీరు ఆ రోజు దాకా గుట్ట ఎక్కొద్దు. ఏ దేశం నించీ," అన్నాడు.

నవంబరు 14

రోనెల్ నాతో మాట్లాడలేదు. అలసిపోయి ఉంటుంది.

నవంబరు 15

రోనెల్ మాట్లాడలేదు. గొంతు నొప్పి అయి ఉంటుంది.

నవంబరు 16, ఆదివారం

అల్లం టీ కాచి ఇచ్చాను. తాగింది. గొంతు బాగానే ఉంది. ఎర్మిన్‌తో అరగంట మాట్లాడింది.

ఎర్మిన్ నాతో అంది, "నలభై మంది. నువ్వు పాడుచేశావు, నువ్వే తీసుకురా. దేవుడు నీకు నోరిచ్చింది ఇందుకే అనుకో."

నవంబరు 17

158/96. సంగతి తెలిస్తే ఇంత ఉండాల్సిందేనని నర్సమ్మ కూడా ఒప్పుకుంటుంది.

మా దీవిలో మధ్యాహ్నం రేడియోలో చావు కబుర్లు చదివేటప్పుడు కుక్క కూడా మొరగదు. పోయినవాళ్ళ పేరు, ముద్దుపేరు, పిల్లలు, మనవలు, ఎక్కడెక్కడున్న బంధువులు అన్నీ వరసగా చదువుతారు. రమ్ము కొట్లో డామినో పలకలు చేతుల్లో అలాగే ఆగిపోతాయి. ఆ చదవడం అయిపోయిన మరుక్షణం నేను బల్ల ఎక్కాను.

"డార్న్లీ, ఎవరు పోయారు?" అన్నాడు హార్ట్‌లీ. నాతో పాటు చెరుకు బండ్లు తోలిన మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న, వందేళ్ళ ముసలివాడిలా మాట్లాడతాడు.

"ఎవరూ పోలేదు. ఇరవై తొమ్మిదిన, శనివారం, పదింటికి, అందరూ టామరిస్క్ బంగళాకి రావాలి. ఉచితం. నా కూతురు చూపిస్తుంది."

కొట్టు యజమాని గ్లాసు తుడుస్తూ ఆగిపోయాడు.

"అక్కడ మనకేం పని?" అన్నాడు హార్ట్‌లీ. "మా తాత ఆ చెరుకులో నడుం విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ వెళ్ళి వాళ్ళ పింగాణీ గిన్నెలు చూసి మెచ్చుకోవాలా?"

"గిన్నెలు చూడొద్దు. నా కూతుర్ని చూడు."

"నీ కూతుర్ని రోజూ చూస్తున్నాను."

"అక్కడ చూడలేదు కదా. ఒరేయ్, ఆ గోడల మధ్య మన పిల్ల నోరు తెరిచి మాట్లాడుతుంటే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. చెప్పలేక దొంగతనంగా మూడుసార్లు వెళ్ళాను."

హార్ట్‌లీ పలక కింద పెట్టాడు. "కాంకీలు ఉంటాయా?"

"ఎర్మిన్ చేస్తుంది."

"అలా ముందే చెప్పాలి."

నవంబరు 19

చర్చి పాటల గుంపు వస్తామంది. ఎర్మిన్‌కి నేనింకా కాంకీల సంగతి చెప్పలేదు.

నవంబరు 20

చెప్పాను. ఆ తరవాత జరిగింది రాయను.

నవంబరు 22

ఓటలీ మామ్మ దగ్గరికి వెళ్ళాను. తొంభై ఒక్కేళ్ళు. పన్నెండేళ్ళ వయసులో బంగళా వంటింట్లో పనికి కుదిరింది, పెళ్ళయ్యేదాకా అక్కడే. చెవులు సగమే వినపడతాయి, కళ్ళు మాత్రం గద్దవి.

"మామ్మా, వచ్చే శనివారం బంగళాకి రావాలి."

"అంట్లు తోమే వయసు దాటిపోయింది నాయనా."

"తోమడానికి కాదు. చూడటానికి."

మంచం కింద పెట్టె వైపు చూసి, "కొత్త టోపీ ఉంది. చావుకని దాచుకున్నాను. అది పెట్టుకొస్తాను," అంది.

నవంబరు 25

రోనెల్ నన్ను ఇవాళ, "ఉప్పు ఇటివ్వు," అంది. రెండు మాటలు.

నవంబరు 28, శుక్రవారం

పక్క వీధివాళ్ళు వస్తామన్నారు. మిషన్ రోడ్డువాళ్ళు వస్తామన్నారు. పదింటికి బంగళా దగ్గర అని అందరికీ పేరుపేరునా చెప్పాను. ఎక్కడ అని ఎవరూ అడగలేదు. బంగళా ఎక్కడుందో తెలియనిది ఎవరికి.

నవంబరు 29, శనివారం

రక్తపోటు చూసుకోలేదు. చూసుకుంటే మిషను పగిలేది.

మొదటినుంచీ రాస్తాను. ఒక్కటీ వదలకూడదు.

తొమ్మిదిన్నరకే నేనూ ఎర్మినూ కాంకీల బుట్టలతో పెరట్లోకి చేరాం. పెరటి తలుపు మూసి ఉంది, లోపల గడియ. వంటావిడ కనపడలేదు. పదింటికల్లా జనం రావడం మొదలైంది. వచ్చారు, వెనక చెరుకు చేల దారిన వస్తూనే ఉన్నారు. పాటల గుంపు ఊదారంగు బట్టల్లో. హార్ట్‌లీ తన పెళ్ళినాటి కోటులో, ఒక్క గుండీ తప్ప పట్టడం లేదు. ఓటలీ మామ్మ టోపీ మీద గుడ్డ పిట్ట. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. పెరడంతా నిండిపోయి బావి దాకా జనం. నలభై ఎప్పుడో దాటిపోయారు. నా గుండె ఆ కాంకీల కుండలా పొంగుతోంది.

పదిన్నర. తలుపు తెరవలేదు.

"ఏంట్రా ఇంకా తీయరు?" అన్నాడు హార్ట్‌లీ.

"తీస్తారు. గొప్పింటి పని, నిదానంగానే జరుగుతుంది."

"మా అమ్మని కూడా ఇలాగే నిలబెట్టేవారు. చేపలు తెచ్చి గంట నిలబడేది. చేపలు కంపుకొడితే ధర తగ్గించేవారు."

"నువ్వు కంపుకొట్టకముందే తీస్తారులే," అంది ఎర్మిన్.

పదకొండు. ఎండ గోడ మీంచి దిగి మా మీదకొచ్చింది. చెట్టు బెరడుతో కాచిన చేదు పానీయం, మాబీ, సీసాలు చేతులు మారాయి. బావి గట్టు మీద డామినోలు మొదలయ్యాయి. నాకు రోనెల్ మీద కోపం వచ్చింది, మొదటిసారి. పుట్టి బుద్ధెరిగాక ఏ పనికీ ఆలస్యంగా వెళ్ళని పిల్ల ఇవాళే ఆలస్యం చేయాలా. నా మీద కోపం ఊరందరి మీదా చూపిస్తుందా.

పదకొండుం పావుకి హార్ట్‌లీ ఆట గెలిచి ఆఖరి పలకని బావి గట్టు మీద తుపాకీ పేలినట్టు కొట్టాడు. అందరూ ఒక్కసారి గోలపెట్టారు. అప్పుడు లోపల గడియ కదిలింది.

తలుపు తెరుచుకుంది. రోనెల్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ట్రాట్‌మన్ ముందు ఏడవకూడదని వంటింట్లోకి వచ్చిందట, తరవాత ఎర్మిన్‌కి చెప్పింది. ముందు వైపు మెట్ల మీద పదింటి నించీ నిలబడే ఉంది. ట్రాట్‌మన్, వంటావిడ, బంగళా సొంతదారు మిస్ హన్నాఫర్డ్, ట్రస్టు పెద్దలు ఇద్దరు, అందరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. ఒక్క పురుగు కూడా రాలేదు.

పెరటి నిండా ఉన్న జనాన్ని చూసి పిల్ల కొయ్యబారిపోయింది.

"నాన్నా. ఇక్కడ ఏం చేస్తున్నారు అందరూ?"

"నువ్వు తలుపు తీస్తావని."

"ముందు గుమ్మం పొద్దున్నించీ తీసే ఉంది."

జనం జనాన్ని చూసుకున్నారు. తరవాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"ఇటు గాలి బాగుందమ్మా," అంది పాటల గుంపు పెద్దావిడ, మొహం తుడుచుకుంటూ.

"నా బూట్లకి మట్టుంది, ముందు వైపు పాడవుతుందని," అన్నాడు హార్ట్‌లీ. వాడి బూట్లలో మొహం చూసుకోవచ్చు.

"ఇటైతే బస్సు దగ్గర," అన్నారు మిషన్ రోడ్డువాళ్ళు. బస్సు ఆగేది ముందు వైపు.

"నేను హార్ట్‌లీ వెనక వచ్చాను."

"నేను డార్న్లీ వెనక."

"నాకు మోకాలు," అన్నాను నేను.

రోనెల్ మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూసింది. నన్ను అందరికంటే ఎక్కువసేపు చూసింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. ముందుకి నడవండి అంటుందనుకున్నాను. అనలేదు. ఆ తలుపు రెండో రెక్క కూడా బార్లా తెరిచింది.

"రండి," అంది. "ఇది వంటిల్లు. ఇక్కడ చేసినవాళ్ళ పేర్లు నా కాగితంలో లేవు. ఎవరికి తెలిస్తే వాళ్ళు చెప్పండి."

దేవుడా, ఆ తరవాత ఆ వంటిల్లు. మా నాయనమ్మ అని ఒకరు, మా పెద్దమ్మ అని ఒకరు. ఉప్పు పీపా ఎక్కడుండేదో ఒకరు చూపిస్తే కాదు కాదు కిటికీ కింద అని ఇంకొకరు. మా అమ్మ పేరు నేను చెప్పాను. ఫ్లోరా గిటెన్స్, తొట్టి దగ్గర, పంతొమ్మిదేళ్ళు. రోనెల్ అన్నీ చీటీ మీద రాసుకుంది. నాయనమ్మ పేరు దానికి తెలియక కాదు. అయినా రాసుకుంది.

భోజనాల గదిలోకి వచ్చాక తన పాఠం అందుకుంది. అద్దాల పెట్టెలో నీలం గిన్నె. దొరలకి ఇష్టమైన దెయ్యం కథ. "యుద్ధం అయిపోయిన ఏడాది ఈ గిన్నెలో కస్టర్డు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఖాళీ అయ్యేదట. చచ్చిపోయిన పాత దొరసాని ఆత్మ వచ్చి తినేదని..."

"ఏ గిన్నె?" అంది ఓటలీ మామ్మ.

"ఈ నీలం గిన్నె మామ్మా," అని చెవిలో అరిచింది రోనెల్. "ఆత్మ తినేది."

"ఆత్మ కాదే, ఆకలి. నేను తిన్నాను."

రోనెల్ చేతిలో కాగితం కిందికి దించింది.

"పన్నెండేళ్ళ పిల్లని. పొద్దున్న ఐదింటి నించి నిలబెట్టేవాళ్ళు. గిన్నె నాకి కడిగి పెట్టేదాన్ని. దెయ్యం అని వాళ్ళే అనుకున్నారు, నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని."

హార్ట్‌లీ కోటుకి పట్టిన ఆ ఒక్క గుండీ ఊడిపోయేలా నవ్వాడు. పాటల గుంపు నవ్వింది. గోడమీద బొమ్మల్లో దొరలు తప్ప అందరూ నవ్వారు. రోనెల్ నవ్వి నవ్వి కుర్చీ పట్టుకుంది, ముట్టుకోరాదు అని తాడు కట్టిన కుర్చీ.

అలా గది తరవాత గది, పెరటి నించి ముందుకి. హాలు దాటాం, పియానో దాటాం. ముందు వసారా తలుపు దగ్గరికి వచ్చాం. పన్నెండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. గాలికి ఓరగా మూసుకున్న తలుపుని రోనెల్ తోసింది.

బయట ఐదు వీపులు. ట్రాట్‌మన్, మిస్ హన్నాఫర్డ్, ఇద్దరు పెద్దలు, వంటావిడ. అందరూ రోడ్డుకేసి చూస్తున్నారు. ట్రాట్‌మన్ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చెబుతున్నాడు, "నేను మొదటే అన్నానమ్మా. ఈ ఊరివాళ్ళు రారు. వీళ్ళకి చరిత్ర అంటే పట్టదు."

"సార్," అంది రోనెల్, "కాస్త పక్కకి జరుగుతారా. మావాళ్ళు దిగాలి."

ట్రాట్‌మన్ వెనక్కి తిరిగిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను. ముందు హార్ట్‌లీని చూశాడు. వాడి వెనక ఊదారంగు. దాని వెనక ఇంకా జనం, హాలంతా, పియానో దాకా. ఇంట్లోంచి ఊరు బయటికి వస్తోంది.

"ఎప్పుడు... ఎలా..." అన్నాడు. తరవాత ఫైలు గుర్తొచ్చింది. "ముందు గుమ్మం దాటాలని కదా అన్నాను."

"దాటుతున్నారు సార్. ఏ వైపు నించి అని మీరు చెప్పలేదు. లెక్కపెట్టుకోండి."

లెక్కపెట్టాడు. వేలు చూపించి లెక్కపెట్టాడు, మాస్టారు పిల్లల్ని లెక్కపెట్టినట్టు. అరవై దాటాక వేలు దించేశాడు.

మిస్ హన్నాఫర్డ్‌కి ఎనభై దాటాయి. ఓటలీ మామ్మని చూసి లేచి నిలబడింది. కస్టర్డు సంగతి ఎవరో అప్పటికే చెప్పేశారు. "మా అమ్మ ఆ దెయ్యాన్ని వెళ్ళగొట్టడానికి పాదిరిని పిలిపించింది," అంది.

"తెలుసు," అంది మామ్మ. "ఆయనా తిన్నాడు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాంకీలు విప్పుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఒకరికొకరికి వినపడిందో లేదో.

నేను ఆ పదకొండు మెట్లూ దిగాను. తొందరపడలేదు. మధ్యలో ఆగి చుట్టూ చూశాను. అటు సముద్రం, ఇటు చెరుకు, నేను తోలిన దారి మొత్తం కనపడుతుంది. ఇన్నేళ్ళూ ఆ దారి నించి ఈ మెట్లని చూశాను కానీ ఈ మెట్ల నించి ఆ దారి ఇలా ఉంటుందని తెలియదు. ముందు వైపు ఎండ కొంచెం ఎక్కువ. కళ్ళలో నీళ్ళు అందుకే.

రోనెల్ వచ్చి నా పక్కన నిలబడింది. అలా నిలబడి పదహారు రోజులయింది.

"నాన్నా, ఎంతమందిని తెచ్చావు?"

"ఎవరికీ పెద్దగా చెప్పలేదే."

"ముందు వైపు రమ్మని ఒక్కరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు."

అది నా చేతిని గట్టిగా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

నవంబరు 30, ఆదివారం

చర్చిలో పాదిరిగారు ఏం చెప్పారో వినలేదు. వెనక వరసలో అందరికీ నిన్నటి సంగతి చెప్పాను. అందరూ నిన్న అక్కడే ఉన్నారు. అయినా చెప్పాను.

డిసెంబరు 2

ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఖాయం. ఎర్మిన్ నా చేతిలోంచి లాక్కుని చదివింది, నేను ఎర్మిన్ చేతిలోంచి లాక్కుని చదివాను, ఒక మూల చిరిగింది. చిరిగిన మూలలో ఏమీ లేదు, ట్రాట్‌మన్ సంతకం.

నా కూతురు. టామరిస్క్ బంగళా గైడు. పరీక్ష మీద కాదు. ఇంకోసారి రాస్తాను. పరీక్ష మీద కాదు.

డిసెంబరు 9, మంగళవారం

136/84. నర్సమ్మ చూస్తే నమ్మదు.

ట్రస్టు పెద్దలు దారి మార్చారు. ఇక బంగళా చూడటం పెరటి నించే మొదలు. వంటిల్లు, పేర్ల చీటీ, తరవాత మిగతా ఇల్లు, ఆఖరున ముందు మెట్లు. ఇవాళ ఓడ వచ్చిందని తెలిసి నేనూ హార్ట్‌లీ రోడ్డవతల గోడ మీద కూర్చుని చూశాం. గుట్ట ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ పిలవనూ లేదు.

బస్సు దిగిన దొరలందరినీ ట్రాట్‌మన్ ఫైలు ఊపుతూ ఇంటి చుట్టూ తిప్పి పెరట్లోకి తోలుకెళ్ళాడు. తెల్ల టోపీల వరస బావి దాకా వచ్చింది. నెత్తిన ఎండ. తలుపు ఇంకా తీయలేదు. ఒకావిడ విసనకర్ర తీసింది. ఒకాయన గడియారం చూసుకున్నాడు.

"పాపం," అన్నాడు హార్ట్‌లీ. "ముందు వైపు గుమ్మం ఉందని వీళ్ళకి తెలియదనుకుంటా. చెప్పి రానా?"

"కూర్చో," అన్నాను. "కొత్తవాళ్ళు. నేర్చుకుంటారు."